విస్తట్లో ముల్లు

శివరాత్రికి రెండు రోజుల ముందు, పొద్దున్నే, పూటకూళ్ల సంపూర్ణమ్మ అబ్రహాము గుమ్మం ముందు నిలబడి ఏడ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మడి కట్టుకునే విధవావిడ, ఎదురుగా క్రైస్తవుల ఇల్లు. లోపలికి రానూ లేదు, వెళ్లిపోనూ లేదు.

అబ్రహాము రాజమండ్రి పోలీసులో రైటరు ఉద్యోగం వదిలేసి, జనం చిక్కుల్ని సొంతంగా విప్పిపెడుతున్న మనిషి. ఆయన వెంట ఉండే చిట్టియ్య మిషను బడి మేష్టరు. అబ్రహాము తుమ్మినా అందులో ఏదో అంతరార్థం ఉందని నమ్మే రకం. ఇద్దరూ వీధిలోకే వచ్చి నిలబడ్డారు.

"నిన్న పంక్తిలో చంద్రరావు పంతులుగారి విస్తట్లో చేప ముల్లు వచ్చిందండి. నా ఇంట్లోనండీ!" అంది సంపూర్ణమ్మ.

ఆవిడ చేతి పనసపొట్టు కూర కోసం కొవ్వూరు నుంచి పడవెక్కి వచ్చేవాళ్లున్నారు. శివరాత్రి ఉపవాసం ఉన్న యాత్రికులు మర్నాడు పారణకి ఆ ఇంటికే వస్తారు. పురోహితులు సోమయాజులుగారు మాత్రం ఖండితంగా చెప్పేశారు. పారణ పొద్దుటికి నిజం తేలకపోతే ఆ ఇంటికి వెలి. అంటే ఇరవయ్యేళ్లుగా వెలిగిన పొయ్యి ఆరిపోయినట్టే.

"కూర ఎలా చేస్తారమ్మా?" అని అడిగాడు అబ్రహాము.

"పొట్టు పసుపేసి ఉడికించి, తాలింపు పెట్టి, చల్లారేక ఆవముద్ద చేత్తో కలుపుతానండి. గరిటెతో కలిపితే ఆవ అంతటా పట్టదు."

"వడ్డించింది ఎవరు?"

"మా అక్క కూతురు చిన్నమ్మాయి. అదే చేసిందని ఊరంతా అంటున్నారు. నేనూ నమ్మి దాన్ని కొట్టేనండి."

"పంతులుగారు ఏమన్నారు?"

"'అయ్యో, బొచ్చె చేప ముల్లు!' అని లేచిపోయేరు. పదకొండేళ్లుగా నా ఇంట్లోనే భోజనం. ఆయనకి జొరమొస్తే నేనే జావ కాచి పంపేదాన్ని. ఇప్పుడు కాకినాడ బదిలీ అయింది. వంటకి రమ్మన్నారు, నా ఇల్లు వదిలి రాలేనన్నాను. ఇంత జరిగినా కోపం లేదండి ఆయనకి. 'ఇక్కడ మీకు నిలవనీడ లేకపోతే మా ఇంటికి వచ్చెయ్యండి' అన్నారు. దేవుడండి ఆయన."

చిట్టియ్యకి కళ్లు చెమర్చాయి. అబ్రహాముకి చెమర్చలేదు.

పూటకూళ్ల ఇంటికి వెళ్లి ఇద్దరూ అరుగు మీదే కూర్చున్నారు. అంతకంటే లోపలికి వాళ్లకి దారి లేదు. చిన్నమ్మాయి చెంప ఇంకా వాచే ఉంది. చూరులో దోపిన ఆకు పొట్లం తీసి అరుగు మీద పెట్టి, దూరంగా జరిగింది.

"దీన్ని ఎవరైనా కడిగారామ్మా?"

"చేప ముల్లండీ! ఎవరు తాకుతారు? పుల్లతో తీసి ఆకులో చుట్టేను."

"కూర లోపల ఉందా, పైనా?"

"పైనే అండి. తెల్లగా కనబడింది."

ముల్లు చిటికెన వేలంత ఉంది. కింది వైపు మాత్రం కాస్త పసుపు అంటింది. పైన తెల్లగా, శుభ్రంగా ఉంది. అబ్రహాము వాసన చూసి చిట్టియ్యకి అందించాడు.

"నీచు వాసనే లేదండి. ఎవరో తలంటుకున్నట్టుంది," అన్నాడు చిట్టియ్య తెల్లబోయి.

అబ్రహాము నవ్వి, అతని చెవిలో ఏదో చెప్పి చేపల రేవుకి పంపించాడు.

పారణ పొద్దున్న ఆ ఇంటి ముందు వీధి నిండిపోయింది. ఉపవాసంతో నకనకలాడుతున్న యాత్రికులు గోడ వారన చేరారు. సోమయాజులుగారు, చంద్రరావు అరుగు ఎక్కారు. సంపూర్ణమ్మ, చిన్నమ్మాయి గుమ్మంలో నిలబడ్డారు. నిజం చెప్పడానికి వచ్చిన మనిషి వీధిలో నిలబడ్డాడు. మన పెద్దరికాల తీరే అంత!

"ముల్లు కూరతో ఉడికి ఉంటే పసుపు పచ్చగా ఉండేది," అన్నాడు అబ్రహాము. "ఉడికేక పడి ఉంటే, ఆవ కలిపే అమ్మగారి చేతికి గుచ్చుకునేది. గరిటెలో వచ్చి ఉంటే ఒళ్లంతా ఆవ పట్టేది, పంక్తిలో పదిమందికీ కనబడేది. కింది వైపే పసుపు అంటిందంటే, వడ్డించిన కూర మీద పైనుంచి వేశారన్నమాట. ఆ విస్తరి మీదికి వచ్చిన చెయ్యి ఒక్కటే, దాని ముందు కూర్చున్నవారిది."

చంద్రరావు ముఖం ఎర్రబడింది. "నేనా? పుట్టి బుద్ధెరిగి చేప ఎలా ఉంటుందో తెలియనివాణ్ణి!"

"మరి అది బొచ్చెదని ఎలా తెలిసింది పంతులుగారూ? రోజూ చేపలు తినే మా చిట్టియ్యకే తెలియలేదు!"

చిట్టియ్య వెనకనుంచి చేపల పాపాయి ముందుకొచ్చింది.

"ఈ బాబుగారేనండి. చేప తీసుకోండి బాబూ అంటే వద్దన్నారు, ముల్లే కావాలన్నారు. దేనిదని అడిగితే బొచ్చెదని చెప్పేను. ఒట్టి ముల్లు కొనుక్కున్నోళ్లని నేనెప్పుడూ చూళ్లేదండి!"

గోడ వారన ఎవరో నవ్వారు. అబ్రహాము నవ్వలేదు.

"ఆ ముల్లుని కుంకుడుకాయతో కడిగారు. మాలాంటి తినేవాళ్లు కడగరు, పారేస్తారు. పంతులుగారు మడి మనిషి. నీచు ముల్లుని రొండిన దోపుకుని పంక్తిలో కూర్చోడానికి మనసొప్పలేదు. ఈవిడ కొంప కూల్చడానికి ఒప్పింది."

సోమయాజులుగారు చెవులు మూసుకున్నారు. చంద్రరావు తల వంచేశాడు.

"మీ మీద ద్వేషం లేదు సంపూర్ణమ్మగారూ. మీ చేతి వంట లేకుండా కాకినాడలో ఎలా బతకను? ఈ ఇల్లు పోతే నా ఇంటికి వస్తారనుకున్నాను."

సంపూర్ణమ్మ చిన్నమ్మాయిని దగ్గరికి లాక్కుని ఆయనకేసి తిరిగింది.

"ఒక్క మాట అడిగితే కూర జాడీకెత్తి వారం వారం కాకినాడ పడవకి పంపేదాన్ని కదండీ. పదకొండేళ్లూ నన్ను మనిషిగా చూశారనుకున్నాను. మీరు చూసింది నా చేతిలో గరిటెనన్నమాట. మిమ్మల్ని నమ్మి, ఈ పిచ్చిదాన్ని కొట్టేనండి నేను!"

చిన్నమ్మాయి చెంప నిమిరి ఆవిడ భోరుమంది. సోమయాజులుగారు గొంతు సవరించుకుని, ఈ ఇంటికి ఏ దోషమూ లేదని అందరికీ వినబడేలా చెప్పారు. యాత్రికులు లేచి నిలబడ్డారు.

చంద్రరావు కదల్లేదు. లోపలినుంచి తాలింపు వాసన వస్తోంది. ఆయనా నిన్నటినుంచి పస్తే.

"పారణ వేళ. ఈ ఒక్క పూటకి..." అన్నాడు నెమ్మదిగా.

ఆకలన్నవాణ్ణి సంపూర్ణమ్మ ఏనాడూ ఉత్త చేతుల్తో పంపలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి తిరిగింది.

"చిన్నమ్మాయీ, విస్తళ్లు వెయ్యవే," అంది. "పంతులుగారికి వద్దు."