నీటి మీద తేలే రాయి

“మీటర్ కూస్తేనే ‘అల తిరిగింది’ అను. కోస్ట్ పోలీసులు దూకుతారు. కూయకపోతే వెనక్కి వచ్చేయ్. ఈసారి తప్పు జరిగితే నీ ఉద్యోగం నేను కాపాడలేను.” ఇయర్‌పీస్‌లో చీఫ్ నరసింగరావు గొంతు.

ఏజెంట్ యమున కొంగు బిగించి ఒడ్డు వైపు నడిచింది. పైకి ఎండుచేపల బేరగత్తె. లోపల, ఇరవై ఏళ్ళుగా అగ్నిపర్వత శిలలతో బతికిన జియాలజిస్ట్.

కళింగపట్నం ఒడ్డున లారీలోంచి మరబోటులోకి బస్తాలు ఎక్కుతున్నాయి. కాగితాల్లో అది ప్యూమిస్, ఆడవాళ్ళు మడమలు రుద్దుకునే, నీటి మీద తేలే లావా రాయి. సమాచారం మాత్రం వేరు: అది మోనజైట్, రేడియేషన్ చిమ్మే థోరియం దాగిన ఇసుక. దూరంగా విదేశీ ముఠా ఓడ ఎదురుచూస్తోంది.

ఫోన్‌లా కనిపించే రేడియేషన్ మీటర్ పట్టుకుని యమున బస్తాల పక్కగా నడిచింది. సున్నా.

“సున్నాయేగా?” వెనక నుంచి సుహాసిని. ముఠాలోకి డిపార్ట్‌మెంటే పంపిన ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర. మీటర్ సరిచేసి ఇచ్చిందీ ఆమే. “ఇక వెళ్ళండి. అబ్బ, ఆ మడమలేమిటండీ, బీటలు తీసిన పొలంలా! ఇదిగో, ఒక రాయి పట్టుకెళ్ళండి.”

అరచేతిలో ఆ రాయి మరమరాల ఉండంత తేలిగ్గా ఉంది.

లారీ దగ్గర సాలూరు డ్రైవర్ బంగారురాజు గొణుగుతున్నాడు. “తేలే రాయంట! నా లారీ కమాన్ కట్టలు బరువుకి దిగిపోనాయి. ఒరే, మెల్లగ ఎత్తండ్రా, నడుంలు ఇరిగిపోతాయి!”

బస్తాల బరువుకు కూలీలు మూలుగుతూ వంగిపోతున్నారు. యమున మీటర్ వంక చూసింది. భయపడిన బుద్ధి యంత్రాన్ని నమ్ముకుంటుంది. రాయి బరువు తెలిసిన చేతికి ఆ భయం లేదు.

బోటు ఇంజన్ మోగింది.

“యమునా, వెనక్కి రా. ఇది ఆర్డర్!”

“రాను సార్.”

సుహాసిని పిస్టల్ తీసింది. యమున తన చేతిలో ఉన్న రాయిని ఆమె ముఖం మీదకు విసిరింది. అది ఎంత తేలికో సుహాసినికి తెలుసు. అయినా, రాయి వస్తుంటే ఒళ్ళు ఆగదు. తల వంచేసింది. పేలిన తూటా ఆకాశంలోకి పోయింది. ఆ రెప్పపాటులో యమున బోటు ఎక్కి, అంచున ఉన్న బస్తాను కాలితో తన్నింది.

బుడుంగుమంది. మళ్ళీ పైకి రాలేదు.

“లావా రాయి మునిగింది సార్. అల తిరిగింది!”

పోలీసు బోట్లు చుట్టుముట్టాయి.

సుహాసినికి, ముఠాకి బేడీలు పడ్డాక చీఫ్ అడిగాడు. “సుహాసిని చెడగొట్టిన మీటర్ కూయలేదుగా, ఎలా తెలిసింది?”

“కూలీలు మూలిగారు సార్.”

సాక్ష్యాల్లో విసిరిన రాయి ఒక్కటే దొరకలేదు. ఆ వారమంతా యమున మడమలు మాత్రం నున్నగా మెరిశాయి.