గోడ దిగుతున్న గడియారం

ఆ ఉదయం పళ్లు తోముకుంటూ హాల్లోకొచ్చిన కోడలు గడియారం ముందు ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో టైము చూడాలంటే తలెత్తాల్సొచ్చేది. ఇప్పుడది సరిగ్గా తన గడ్డానికి ఎదురుగా ఉంది!

అదొక్కటేనా? అద్దంలో తన నుదురు కనబడటం మానేసింది. బట్టల తాడు మెడకి తగులుతోంది. పై అరలు ఖాళీ అయిపోయి డబ్బాలన్నీ కిందికి దిగొచ్చాయి. అడిగితే ఎవరూ ముట్టుకోలేదన్నారు. ఇల్లు దిగట్లేదు, నువ్వే పొడుగవుతున్నావని భర్త నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. గోడ మీద పెన్సిల్ గీత పెట్టింది. పది రోజులు తిరక్కుండానే గడియారం గీత కిందికి జారింది.

దగ్గరికెళ్లి చూసింది. గడియారం పైన తెల్లటి చుక్కలు, ఒకదాని మీద ఒకటి, తలదాటి పైకి పోతున్నాయి. గోటితో గీకితే సబ్బు రాలింది. లోపల మేకు చిల్లు. ఆ సబ్బు వాసన ఆమెకి బాగా తెలుసు.

మర్నాడు తెల్లారగానే టక్ టక్ మని చప్పుడు. హాల్లో అత్తగారు. పళ్ల మధ్య మేకు, ఎడంచేతిలో సుత్తి. కుడిచెయ్యి ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

"దేనికే? నీకు ఆఫీసుకి టైమవట్లేదా?"

"గడియారం నేలకి దిగాక కీ ఎలా ఇస్తారు? పడుకునా?"

అత్తగారు కూలబడింది. హోటల్ లాండ్రీలో ఇరవై రెండేళ్లు తడి దుప్పట్లు లాగిన భుజం. మూడుసార్లు కలుక్కుమన్నా మందు రాసుకుని పనికెళ్లింది. లోపల కండరం తెగిపోయిందని, ఈ నెల దాటితే ఆపరేషన్ చేసినా చెయ్యి లేవదని డాక్టరు చెప్పాడట. రెండు తేదీలు ఇప్పటికే ఎగ్గొట్టింది.

"ఆరు వారాలు చెయ్యి కట్టేస్తారటే. నా తలెవరు దువ్వుతారు? జాకెట్టు హుక్కులు పెట్టడానికి నీ మొగుణ్ణి పిలవనా?"

కోడలు దువ్వెన తెచ్చింది. ముందు నున్నగా ఉన్న జుట్టు వెనక, చెయ్యి అందని చోట, నెలల నాటి చిక్కుముడి. దువ్వెన దిగలేదు.

"ఇన్నాళ్లూ గోడకేసి చూశాను గానీ, మీకేసి చూడలేదత్తయ్యా."

ఈసారి తేదీ దాటలేదు.

కట్టు విప్పాక కొన్నాళ్లకి, ఒక ఉదయం గోడ మీద ఏదో గీరుతున్న చప్పుడు. కోడలు ఉలిక్కిపడి పరుగెత్తింది. ఐదు వేళ్లు సాలీడులా గోడెక్కుతున్నాయి, చిల్లు నుంచి చిల్లుకి. రోజూ వేళ్లతో గోడ ఎక్కమని ఫిజియోథెరపిస్ట్ చెప్పాడు మరి.

"మూడోది," అంది అత్తగారు, నుదుటి మీద చెమటతో. "మేకు పీకవే."

కోడలు గడియారాన్ని మూడు చిల్లులు పైకెక్కించింది. ఆపరేషన్ రోజు నుంచీ దానికెవరూ కీ ఇవ్వలేదు. అత్తగారు కుడిచెయ్యి చాచి తనే ఇచ్చింది.

టిక్కుమంది. కోడలు కాస్త తలెత్తి టైము చూసింది.