పేరు పండగ మర్నాడు తెరుచుకోని లాప్‌టాప్

"ఎల్లుండి పన్నెండింటికి సరిహద్దులోని రూసె వంతెన దగ్గర మన మనిషి రద్కా నిలబడుతుంది. మన కారు నంబరు పదకొండింటికి నీ లాప్‌టాప్‌కి వస్తుంది. ఆమెకి నువ్వే పంపాలి. ఆలోగా అందులో ఏమీ మార్చకు. తప్పు కారెక్కిందంటే రద్కా మనకిక దక్కదు."

చీఫ్ ఆ మాట చెప్పి రెండు రోజులైంది. ఏజెంట్ నికోలా బొయాజియెవ్ మాత్రం మార్చాడు. పొద్దున ఎనిమిదింటికి, నెల రోజులుగా అప్‌గ్రేడ్ చేయమని పోరుతున్న లాప్‌టాప్ గొడవ ఒక్కసారిగా వదిలించుకుందామని బటన్ నొక్కేశాడు.

ఎనిమిదిన్నరకి అది ఆగిపోయింది. నల్లటి తెర మీద ఒక తెల్ల గీత మాత్రం ఆరుతూ వెలుగుతోంది.

దొంగ పాస్‌పోర్టులతో నాలుగు సరిహద్దులు దాటినవాడు, సాంకేతిక విభాగానికి ఫోన్ చేయడానికి సిగ్గుపడ్డాడు. తనే బాగుచేయొచ్చనుకున్నాడు. పదకొండున్నరకి గానీ ఫోన్ తీయలేదు. అప్పటికి అతని చెవులు కాలిపోతున్నాయి.

"ఏం చేశావురా?" అడిగింది స్టాంకా. ఆ విభాగంలో అందరికీ అక్కే.

"ఏం చేయలేదక్కా. దానంతట అదే..."

"దానంతట అదే ఏదీ పాడవదు. నిజం చెప్పు."

"అప్‌గ్రేడ్ చేశాను."

"చీఫ్ వద్దన్నాక?"

"వద్దన్నాకే."

"సరే, తిట్లు తర్వాత. వైరు పీకి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకో."

పట్టుకున్నాడు. మళ్ళీ అదే తెల్ల గీత. పదకొండూ నలభై నాలుగు.

"దానికి తగిలించినవన్నీ పీకెయ్. మౌస్, ప్రింటర్, అన్నీ."

"పీకేశాను."

"వెనకాల చూశావా?"

తిప్పి చూశాడు. మూలనున్న రంధ్రంలో గోరంత నల్ల పెన్‌డ్రైవ్ ముక్క. దాని మీద ఎండిపోయిన చేప పొలుసు అంటుకుని ఉంది.

"అక్కా, ఇది నాది కాదు."

నిన్న నికుల్‌దెన్. ఆ పేరున్న సాధువు రోజు కాబట్టి నికోలాకి పేరు పండగ; వచ్చినవాళ్ళకి చేప వండి పెడతారు. ఆ రోజు ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్ళని ఎవరని అడగరు, తలుపుకి గడియ పెట్టరు. అనువాద విభాగం వియొలేటా కూడా వచ్చింది, ఆకుపచ్చ పట్టు గౌనులో. వంటింట్లో దూరి, చేప పొలుసులు తానే ఏరి అందరికీ పంచింది. "ఒకటి దాచుకో నికోలా, ఏడాదంతా అదృష్టం!" అంది. ఆ తర్వాత పాటలు పెడతానంటూ లాప్‌టాప్ ముందు కూర్చుంది. అంత అందగత్తె తన ఇంటికి వచ్చిందని అతను పొంగిపోయాడు. ఇప్పుడది తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాడు.

"లాప్‌టాప్ ముందు దాన్నే తెరవబోయి ఆగిపోతోంది. పీకెయ్!" అరిచింది స్టాంకా.

పీకాడు. తెర వెలిగింది. అప్‌గ్రేడ్ అరవై ఒక శాతం. ఎనభై ఎనిమిది. పదకొండూ యాభై ఏడు. తొంభై తొమ్మిది దగ్గర అది కదలనంది. చివరికి తెరుచుకుంది. నీలం కారు, 4172. రద్కాకి పంపేసరికి గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

రెండు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. "ఎక్కాను."

మధ్యాహ్నం వియొలేటాని ఆమె బల్ల దగ్గరే పట్టుకున్నారు. చీఫ్ నికోలా ఇంటికే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పదకొండింటికి ఇది పనిచేసి ఉంటే ఆ నంబరు నీతోపాటు, ఆమె పెట్టిన ఆ నల్ల ముక్క ద్వారా ఆమె ముఠా కూడా చదివేది. అదే నంబరు వాళ్ళ కారుకి తగిలించి పంపేవాళ్ళు. నీ వెధవ పనే రద్కాని కాపాడింది."

"రిపోర్టులో ఏం రాయమంటారు సార్?"

"అదే రాయి. ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఫోన్ చేయకుండా ఎందుకు కూర్చున్నావో, అది కూడా రాయి."

నికోలా రాశాడు. "సిగ్గుపడి." ఆ ఒక్క మాట రాయడానికి మూడు కాగితాలు చింపాడు.

చీఫ్ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఏడు నికుల్‌దెన్ రోజున ముక్కూమొహం తెలియనివాళ్ళు తలుపు తడితే?"

నికోలా నేల చూపులు చూశాడు. "తీస్తాను సార్. పేరు పండగ కదా."

చీఫ్ కుర్చీలోంచి లేచాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు.

"చేప ఏమైనా మిగిలిందా?"