ఆరో నిబంధన

ఆదివారం, అక్టోబర్ 5. మధ్యాహ్నం 3:31. షిమిజు బేస్‌బాల్ స్టేడియంలో, బంతి విసిరే పిచర్ల విశ్రాంతి గది ధ్వంసమై కనిపించింది.

నిలువుటద్దం పగిలింది. గోడమీది మానిటర్ చీలింది. నీళ్ల కూలర్ బోర్లా పడింది. గదికి కిటికీ లేదు. తలుపు ఒక్కటే.

ముందుగా చూసింది హమజిమా. వయసు యాభై ఎనిమిది. హెరన్స్ జట్టులో బ్యాట్లు, గ్లవ్‌లు చూసుకునే మనిషి. అతను కేక వేశాడు. నడవా చివరి తలుపు వెనక కాచుకుని ఉన్న విలేఖరులు పరిగెత్తుకొచ్చారు. పదకొండుమంది. గుమ్మంలో నిలబడి ఫొటోలు తీశారు.

"ఇంకెవరు? మన కుగిమియానే," అన్నాడొకడు. ఎవరూ కాదనలేదు.

కుగిమియా రెన్, ఇరవై ఆరేళ్లు, హెరన్స్ ప్రధాన పిచర్. ఈ సీజన్లో పద్దెనిమిది ఆటలు గెలిపించాడు. రెండు కూలర్లు, ఒక ఫ్యాన్, ఒక టెలిఫోన్ పగలగొట్టాడు.

ఏటా ఉత్తమ పిచర్ అవార్డుకి ఓటు వేసేది విలేఖరులు. మొత్తం ముప్పై ఒక్కరు. ఓటింగ్ ఆ సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. అవార్డు నిబంధనల్లో ఆరోది నడవడిక.

3:38కి ఉరాబె చిజుకో గది ముందుకొచ్చింది. లీగ్ విచారణాధికారి. అంతకుముందు ఇరవై రెండేళ్లు పోలీసు డిటెక్టివ్. సీజన్ చివరి ఆట కాబట్టి స్టేడియంలోనే ఉంది. విలేఖరులను వెనక్కి పంపి, నడవా రెండు తలుపులూ మూయించింది.

"లోపల అడుగు పెట్టిందెవరు?"

"ఎవరూ లేరు మేడమ్," అన్నాడు హమజిమా. "తలుపు తీశాను. చూశాను. కేకేశాను. విలేఖరుల్ని కూడా గుమ్మం దాటనివ్వలేదు."

"మంచి పని చేశారు."

ఆమె బూట్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళింది. ఏడు నిమిషాలు ఉంది. అద్దం కింద చెక్క అర ఉంది. అర మీద తెల్ల తువ్వాలు. తువ్వాలు మీద కుగిమియా గ్లవ్. దాని గుంటలో ఒక బంతి, ఆకారం చెడకుండా చుట్టూ కట్టిన నాడా. ఆమె టార్చ్ వేసి చూసింది. తువ్వాలు అంచు పట్టుకుని వేలెడు ఎత్తింది. మళ్ళీ వదిలేసింది.

బయటికొచ్చి హమజిమా స్టేట్‌మెంట్ రాసుకుంది.

"గ్లవ్ లోపల పెట్టిందెవరు?"

"నేనే. 3:20కి. అప్పటికి గది బాగానే ఉంది."

"తర్వాత?"

"మైదానం పక్కన డగౌట్‌కి వెళ్లి బ్యాట్లు సర్దుకున్నాను. మళ్ళీ వచ్చింది 3:31కే."

"మిమ్మల్ని ఎవరైనా చూశారా?"

"ఎవరు చూస్తారు మేడమ్? జట్టంతా మైదానంలో వరసగా నిలబడి జనానికి వంగి దండం పెడుతోంది. కెమెరాలన్నీ అటే. వరసలో లేనివాడు ఒక్కడే." అతను కుగిమియాని ఉంచిన వీడియో గది వైపు చూశాడు. పేరు చెప్పలేదు.

4:02. వీడియో గది. అదీ కిటికీ లేని గదే. కుగిమియా గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. కుర్చీ ఉంది, కూర్చోలేదు.

"చేతులు చూపించండి."

చూపించాడు. గీత కూడా లేదు.

"3:12కి డగౌట్లో గ్లవ్ గోడకేసి కొట్టారు."

"కొట్టాను. దేశమంతా చూసింది కదా."

"ఎందుకు?"

"ఆఖరి ఇన్నింగ్స్. ఇంకో ఇద్దర్ని ఔట్ చేస్తే ఆట మొత్తం నేనే వేసినట్టు. మేనేజర్ వచ్చి బంతి లాక్కుని ఇంకొకడికిచ్చాడు."

"తర్వాత?"

"వెళ్ళిపోయాను."

"ఎక్కడికి?"

అతను టోపీ అంచు కిందికి లాక్కున్నాడు.

"3:27కి అద్దం పగిలిన చప్పుడు విలేఖరులు విన్నారు. అప్పుడు ఎక్కడున్నారు?"

"నేను పగలగొట్టలేదు."

"అడిగింది అది కాదు."

"మేడమ్, నవ్వితే పొగరంటారు. మాట్లాడకపోతే కోపమంటారు. నిజం చెబితే సాకంటారు. ఎటు తిరిగినా నా మొహమే నాకు అడ్డం. రాసేసుకోండి, వెళ్ళిపోతాను."

"తలుపులు మూసి ఉన్నాయి. వెళ్లడానికి లేదు."

అతను తలుపు వైపు చూశాడు. తర్వాత నేల వైపు.

"బట్టలుతికే గదిలో," అన్నాడు చివరికి. "డ్రయర్ వెనక కూర్చున్నాను."

"ఏం చేస్తూ?"

"ఏం చేస్తారండీ, డ్రయర్ వెనక కూర్చుని? ఏడ్చాను. ఆ గోలకి బయటికి వినపడదని. ఇది మాత్రం ఆ ముసలి విలేఖరికి చెప్పకండి. అద్దం పగలగొట్టానని రాసుకున్నా ఫర్వాలేదు."

"చూసినవాళ్లు?"

"చూసేలా ఉంటే అక్కడెందుకు కూర్చుంటాను?"

ముసలి విలేఖరి అంటే నుకాగా. అరవై నాలుగేళ్లు. ఓటర్లలో అందరికంటే పెద్ద. 4:15కి ఉరాబె అతన్ని నడవాలోకి పిలిచింది.

"ఓటు వేశారా?"

"ఇంకా లేదు. ఈ వీరుడికే వేద్దామని వచ్చాను, నమ్ముతారా? ఏప్రిల్‌లో ఒకసారి గ్లవ్ నేలకేసి కొట్టాడు. నలభై ఏళ్లలో అలాంటిది చూడలేదు. మా నాన్నయితే ఆ పూట అన్నం పెట్టేవాడు కాదు. అయినా అంకెలు చూసి సర్దుకున్నాను. ఇవాళ ఈ గది చూశాక వేలు ఆగిపోయింది."

"మిగతావాళ్లు?"

"ముగ్గురు అప్పుడే ఫోన్లో నొక్కేశారు. నగావో జట్టు పిచర్ మినోవాకి. బుద్ధిమంతుడు కదా, కూలర్‌కి కూడా నమస్కారం పెట్టే రకం."

"వేసిన ఓటు మార్చుకోవచ్చా?"

"లేదండీ. పంపితే పంపినట్టే." అతను గడియారం చూసుకున్నాడు. "నలభై అయిదు నిమిషాలుంది. మీరు తేలిస్తే తేల్చండి. లేదంటే నేనూ మినోవాకే."

4:19. ఉరాబె టీవీ కెమెరా ఫుటేజ్ వేయించింది. 3:12కి గ్లవ్ గోడకి తగిలి నేలమీద పడింది. కుగిమియా దాన్ని చూడకుండా లోపలికి పోయాడు. 3:13కి హమజిమా వంగి గ్లవ్ తీశాడు. చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. రెండోసారి తుడిచాడు. ఆమె ఆ ముక్క మూడుసార్లు వేయించింది.

తర్వాత ఒక్కర్తే డగౌట్‌కి వెళ్ళింది. బ్యాట్ల సంచీకి తాళం వేసి ఉంది. తాళంచెవి హమజిమా నడుముకి వేలాడుతుంది. తెప్పించి తీసింది.

4:36. విశ్రాంతి గది గుమ్మం. కుగిమియా, హమజిమా, నుకాగా. వెనక నడవా తలుపులు మూసే ఉన్నాయి.

"అందరూ పగిలినవాటినే చూశారు," అంది ఉరాబె. "పగలనిది ఒకటుంది. ఆ గ్లవ్."

ముగ్గురూ అర వైపు చూశారు.

"హమజిమా గారు, దాన్ని 3:20కి పెట్టానన్నారు. అద్దం 3:27కి పగిలింది. అర సరిగ్గా అద్దం కిందే ఉంది. గ్లవ్ గుంట పైకి ఉంది. అందులో ఎన్ని గాజు పెంకులుండాలి?"

హమజిమా అర మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఒక్కటీ లేదు. తువ్వాలు మీదా లేదు. తువ్వాలు కింద మాత్రం అరంతా పెంకులే. అంటే అద్దం పగిలాక ఎవరో పెంకుల మీద తువ్వాలు పరిచి, దాని మీద గ్లవ్ పెట్టారు. తోలు గీసుకుపోకుండా."

"కుగిమియానే పెట్టి ఉండొచ్చుగా?" అన్నాడు నుకాగా.

"పెట్టడానికి గ్లవ్ ఆయన దగ్గర లేదు. 3:13 నుంచి హమజిమా గారి చేతిలో ఉంది. పైగా ఈయన గ్లవ్ విసిరే మనిషి. తువ్వాలు పరిచే మనిషి కాదు."

కుగిమియా తల దించుకున్నాడు.

"కుగిమియా గారి చేతికి గీత లేదు. అద్దం, మానిటర్ పగిలాయి, పగలగొట్టిన వస్తువు గదిలో లేదు. ప్రాక్టీసుకి వాడే సన్న బ్యాట్ ఒకటి సంచీలో ఉంది. శుభ్రంగా తుడిచి, దాని చోట పెట్టారు. కొన దగ్గర చెక్క చీలికలో గాజు పొడి మిగిలింది. కోపంలో ఉన్నవాడు బ్యాట్ తుడిచి పెట్టడు హమజిమా గారూ. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నవాడు, కోపంలో ఉన్నా తుడుస్తాడు."

హమజిమా అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"పగలగొట్టేటప్పుడు గ్లవ్ ఎక్కడ పెట్టారు?"

"బయట, తలుపు పక్కన," అన్నాడు హమజిమా. "పెంకులు పడతాయని."

"బాబాయ్!" అన్నాడు కుగిమియా.

"బాబాయ్ ఏంట్రా బాబాయ్? ఏప్రిల్‌లో విసిరావు. గ్లవ్ తోలు నాడాలు తెగాయి. మూడ్రోజులు కూర్చుని అల్లాను. టీవీలో ఏమన్నారు? పౌరుషం అన్నారు. గెలవాలన్న కసి అన్నారు. ఇవాళ మళ్ళీ కొట్టావు. నేనల్లిన నాడా మీదే కొట్టావు. అయినా అవార్డు నీకేనని అందరూ అంటున్నారు." అతను నుకాగా వైపు తిరిగాడు. "మీరూ అన్నారు, పొద్దున కాఫీ దగ్గర. గ్లవ్ విసిరితే మీకెవరికీ పట్టదు. కూలర్ పగిలితే పడుతుంది. సరే, కూలరే చూడండి అనుకున్నాను."

"నాతో చెప్పొచ్చుగా," అన్నాడు కుగిమియా.

"చెప్పాను. రెండుసార్లు. నువ్వు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యలేదు."

కుగిమియా అర దగ్గరికి వెళ్ళబోయాడు. ఉరాబె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది సాక్ష్యం. ముట్టుకోకండి."

"తీసుకుందామనే మేడమ్. విసరడానికి కాదు."

"తెలుసు. అయినా ముట్టుకోకండి."

4:44కి నడవా తలుపులు తెరిచారు. ఉరాబె పదకొండుమంది విలేఖరులకు రిపోర్టు చదివి వినిపించింది. డ్రయర్ సంగతి అందులో లేదు. 4:58కి నుకాగా ఓటు పంపాడు.

హమజిమా ఆ రోజే రాజీనామా ఇచ్చాడు. సంచీ తాళంచెవి మేనేజర్ బల్లమీద పెట్టి వెళ్ళాడు.

నవంబర్ 14న ఫలితాలు వచ్చాయి. మినోవాకి పదహారు ఓట్లు. కుగిమియాకి పద్నాలుగు. ఇంకొకరికి ఒకటి.

ఎవరు ఎవరికి వేశారో, ఎప్పుడు వేశారో లీగ్ అదే రోజు ప్రకటించింది. నుకాగా ఓటు కుగిమియాకి. షిమిజు స్టేడియం నుంచి మినోవాకి వెళ్లిన ఓట్లు మూడు. అవి చేరిన సమయాలు 3:44, 3:46, 3:51.