పంతొమ్మిదో గుంటలో మాటలు

చీకటి పడ్డాక పంతొమ్మిదో నంబరు గుంట వైపు ఎవరూ ఒంటరిగా వెళ్ళేవాళ్ళు కాదు.

ఆ నీళ్ళ పంపింగ్ స్టేషన్లో అలాంటి గుంటలు ఇరవై నాలుగు. ఒక్కోదాంట్లో నడుమెత్తు గొట్టం, గొట్టంలో ఎంత నీరు పోతోందో చెప్పే మీటరు, పైన ఇనప మూత. చూడ్డానికి అన్నీ ఒకటే. కానీ పంతొమ్మిదో దాంట్లో ఒక మెకానిక్ గాలాడక చచ్చిపోయాడు. అప్పట్నించీ... అక్కడికి వెళ్తే కాళ్ళు బరువెక్కుతాయని ఒకరు, నీరు ఆపేసినా లోపల ఎవరో గొంతు సవరించుకుంటున్నారని ఇంకొకరు. వాచ్‌మన్ అయితే అటు టార్చి కూడా తిప్పడు.

ఈ కబుర్లలో సగం పుట్టించింది సైరన్.

సైరన్ అంటే కంట్రోల్ రూములో రాత్రి ఆపరేటరు. నవ్వాడంటే మూడు షెడ్ల అవతలికి వినపడుతుంది, అందుకని ఆ పేరు పడింది. కొత్తవాడి బూట్లో గ్రీజు పెట్టడం, కునుకు తీస్తున్నవాడి చెవి దగ్గర అలారం మోగించడం — అతని సరదాలు అలాంటివి. నలుగురూ నవ్వేవాళ్ళు. నవ్వకపోతే రేపు తమ వంతు వస్తుందని.

ఆరు నెలలు తిరగకుండానే, చచ్చిపోయిన మెకానిక్ ఉద్యోగంలోకి అతని భార్యే వచ్చింది. ఆవిడదీ అదే చదువు. జనం పడుకున్నాక నీళ్ళ వాడకం తగ్గుతుంది. అప్పుడు కూడా మీటరు జోరుగా తిరుగుతోందంటే ఎక్కడో గొట్టం కారుతున్నట్టే. అందుకే మీటర్ల తనిఖీ రాత్రిపూట. ఆ పని ఆవిడకి పడింది.

"అన్నయ్యా, పంతొమ్మిదికి వెళ్తున్నాను. రాసుకోండి."

ఆ 'అన్నయ్యా' వినపడినప్పుడల్లా సైరన్ తలెత్తకుండానే రాసుకునేవాడు. ఆవిడ మొహం చూస్తూ తెల్లారే దాకా కూర్చోవడం అతని వల్ల కాలేదు. ఎలాగైనా ఆవిణ్ణి అక్కణ్ణించి సాగనంపాలి.

ఈ మీటర్లకి ఒక భాష ఉంది. పేరు హార్ట్. పేరు చూసి మోసపోకండి, గుండెకీ దానికీ ఏ సంబంధమూ లేదు. కొలత వచ్చే తీగ మీదే ఆ భాష కూడా సన్నగా నడుస్తుంది. అడిగితేనే మీటరు జవాబిస్తుంది. అడిగేవాళ్ళు ఇద్దరుండొచ్చు — ఇటు కంట్రోల్ రూములో కంప్యూటరు, అటు గుంటలోకి దిగిన మనిషి చేతిలో చిన్న పెట్టె. పైగా మీటరు లోపల ముప్పై రెండు అక్షరాలు రాసుకునే చోటు ఒకటుంటుంది, ఫలానా రోజు బాగుచేశాం అని గుర్తు పెట్టుకోడానికి. ఇక్కడ రాసింది అక్కడ చదవొచ్చు. అక్షరాలు ఇంగ్లీషువి, రాసేది తెలుగైనా సరే.

ఒక రాత్రి, ఆ చావు తర్వాత స్తంభం మీద పెట్టిన కెమెరాలో ఆవిడ గుంటలోకి దిగిందని చూసుకుని, సైరన్ కంప్యూటర్లో కొట్టాడు.

నేను లోపలే ఉన్నాను.

కేక వినపడుతుందని చెవి రిక్కించాడు. రాలేదు. కాసేపటికి ఆవిడే వచ్చింది. మంచినీళ్ళు తాగింది. లాగ్‌బుక్‌లో రీడింగులు రాసింది. కుర్చీలో కూర్చుంది.

రెండో రాత్రి "వెళ్ళిపో" అని రాయబోయి ఆగిపోయాడు. ఆ చోటు ఖాళీగా లేదు. తను రాసింది చెరిపేసి ఆవిడ ఇంకేదో రాసిపెట్టింది.

మీరేనా?

సైరన్ వెనక్కి తిరిగి చూశాడు. గదిలో ఎవరూ లేరు. నవ్వుదామనుకున్నాడు, రాలేదు. వేళ్ళు మాత్రం వాటంతట అవే కదిలాయి — నేనే.

అలా మొదలైంది.

చలిగా ఉందా అని ఆవిడ. లేదు అని అతను. పిల్ల మీ కోసం అడుగుతోంది అని ఆవిడ. బాగా చదువుకోమను అని అతను. రాత్రికి ఒకటి రెండు మాటలు, అంతే. ముప్పై రెండు అక్షరాల్లో ఎంతని పడుతుంది?

భయపెట్టి పంపేద్దామనుకున్నవాడు సెలవులు మానేశాడు. పగటి డ్యూటీ ఇస్తామంటే వద్దన్నాడు. ఇంట్లో భార్య, "ఏమిటి, ఈ మధ్య అరవకుండా అన్నం తింటున్నావు?" అంది. నిజమే, నిద్ర కూడా పడుతోంది. చచ్చిపోయినవాడి నోటితో మాట్లాడుతుంటే, వాడు తనని క్షమించేసినట్టే ఉంది.

నెల తిరిగాక ఒక రాత్రి ఆవిడ అడిగింది.

పైకి ఎందుకు రాలేకపోయారు?

సైరన్ ఆ ప్రశ్నని మూడు రాత్రులు అలాగే ఉంచేశాడు. ఆవిడ చెరపలేదు. మార్చలేదు.

ఆ రోజు జరిగింది ఇదీ. ఆ మెకానిక్‌కి చాదస్తం — గాలి పరీక్ష చెయ్యందే దిగడు, పైన ఒక మనిషి లేందే దిగడు. ఆ మధ్యాహ్నం సైరన్, "నేను పైన ఉంటాలే, దిగు," అన్నాడు. దిగాడు. పక్కన ఇద్దరు చూస్తుండగా సైరన్ మూత వేసి గడియ పెట్టాడు. సరదాకి. పది నిమిషాలు ఉడికించి తీద్దామని టీకి వెళ్ళారు. టీ దగ్గర ఉండగానే పంపు ఆగిపోయిందని ఫోను... తిరిగి వచ్చేసరికి యాభై నిమిషాలు. మూత పడ్డ గుంటలో గాలి అంతసేపు నిలవలేదు. గడియ తీసింది సైరనే. మూత తెరిచే ఉందని, అతనే ఎవరికీ చెప్పకుండా దిగాడని పోలీసులకి చెప్పిందీ సైరనే. మిగతా ఇద్దరూ నెలలోపే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు.

నాలుగో రాత్రి రాశాడు.

మూత గడియ పడింది.

రాసి, బల్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నాళ్ళలో ఆ మాట ఎక్కడైనా బయటపెట్టడం అదే మొదలు.

కాసేపటికి గుంట దగ్గరి ఫోను నుంచి పిలుపు వచ్చింది.

"అన్నయ్యా, ఒక్కసారి రండి. మీటరు ఏదో చెబుతోంది... నాకు అర్థం కావట్లేదు."

వెళ్ళాడు. వెళ్ళకుండా ఉండలేకపోయాడు. ఆవిడ గట్టు మీద కూర్చుని ఉంది. మూత తెరిచి ఉంది. లోపల పెట్టె తెర నీలంగా వెలుగుతోంది.

"మీరే దిగి చదవండి."

నిచ్చెన పట్టుకుని దిగాడు. తెర మీద మాట లేదు. ఒక అంకె ఉంది. నలభై ఏడు.

"ఏమిటిది?"

"మీటరులో ఎవరు ఒక్క అక్షరం మార్చినా లోపలి లెక్క ఒకటి పెరుగుతుంది, అన్నయ్యా." పైనుంచి ఆవిడ గొంతు మెల్లగా వచ్చింది. "అందులో ఇరవై మూడు నేను రాసినవి. మొదటి రాత్రి అది సున్నా నుంచి ఒకటయింది, అప్పుడే చూసుకున్నాను. దెయ్యాలు రాస్తే ఆ లెక్క పెరగదనుకుంటాను."

సైరన్ నిచ్చెన మెట్టు పట్టుకున్నాడు.

"గడియ పడిందని పోలీసు కాగితాల్లో లేదు. నాకు ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పారు. ఇప్పుడే."

"చెల్లెమ్మా... సరదాకి... ఒట్టు, సరదాకి..."

"ఆయన మూత మీద కొట్టాడా?"

సైరన్ తెర మీది అంకె వైపు తిరిగాడు.

"కొట్టాడా, అన్నయ్యా?"

"కొట్టాడు."

"మీకు వినపడిందా?"

"...వినపడింది. వెళ్తూ ఉంటే."

"ఏం చేశారు?"

గుంటలోంచి జవాబు వచ్చింది. "నవ్వుకున్నాం."

ఆవిడ లేచింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. మూత మీద చెయ్యి కూడా వెయ్యలేదు — స్తంభం మీది కెమెరాలో అదంతా ఉంది, తర్వాత అందరూ చూశారు. కంట్రోల్ రూముకి వెళ్ళి, తను మీటరులో చదివినవన్నీ తేదీలతో సహా రాసి సంతకం చేసింది. తర్వాత అతని కుర్చీలో కూర్చుని, గంట గంటకీ రీడింగులు రాస్తూ అతని డ్యూటీ కూడా చేసింది.

తెల్లారి పొద్దుటి షిఫ్టు వాళ్ళు వచ్చేసరికి గుంట వైపు నుంచి చప్పుడు. ఠంగ్... ఠంగ్... ఇనుము మీద కొడుతున్నట్టు.

వెళ్ళి చూస్తే మూత బార్లా తెరిచి ఉంది. ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. నిచ్చెన ఎక్కడిది అక్కడే ఉంది. సైరన్ దాని పై మెట్ల మీద నిలబడి, తల గుంట అంచు దాకా వచ్చి, మూత పడే చోట పిడికిళ్ళతో గాలిని బాదుతున్నాడు. వేళ్ళ ఎముకల దగ్గర చర్మం లేచిపోయి, రక్తం మోచేతుల దాకా కారి ఎండిపోయింది.

"సైరన్! ఏమైందిరా? మూత తీసే ఉంది కదా, పైకి రా!"

అతను వాళ్ళ మొహాల్లోకే చూశాడు. చూస్తూనే కొట్టాడు.

గాలిలో పిడికిలి ఆగిన చోట — ఠంగ్ మంది.