చెయ్యి మీద చెక్కిన రాత

కొండవల్లి రాజ్యంలో ఏటా పదిమంది పిల్లలు ఉన్నట్టుండి కొయ్యబొమ్మలైపోయేవారు. రాజు ఉగ్రకేతు కంటతడి పెట్టలేదు సరికదా, "కొయ్య అన్నాక పొయ్యిలోకే పోవాలి" అని ఆ బొమ్మలను కోట వంటశాలకు మోయించేవాడు. ఎనభై ఏళ్లు దాటినా ఆయన తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అదేమిటని అడిగినవాడి తల కోటగుమ్మానికి వేలాడేది.

తాటాకుల మీద గంటంతో రాసి బతికే వ్రాయసగాడి కూతురు చెంగల్వ. ఆ ఏడు ఆమె తమ్ముడు ముకుందు కొయ్యబొమ్మ అయ్యాడు. భటులు వాణ్ణి ఎత్తుకుపోతూ, "పదో నాడు పొయ్యిలో పెడతాం" అన్నారు. చెంగల్వ ఏడుస్తూ కూర్చోలేదు. తండ్రి గంటం నడుముకు దోపుకొని అడవిదారి పట్టింది.

మూడో నాడు ఒక ముని ఎదురై ఆమె గోడు విన్నాడు. "అడవి చివర ఈ దేశపు పాత వస్తువులూ, పాత రాతలూ దాచిన ఇల్లుంది. దాన్ని కాచేది కరాళి అనే రాక్షసి. శాపానికి విరుగుడు ఇమ్మని అడిగినవాళ్లెవరూ తిరిగి రాలేదు తల్లీ. ఏం కావాలో చెప్పకు, ఏనాటిదో చెప్పు" అన్నాడు.

మూడు గదుల చిన్న ఇల్లు అది. విరిగిన కత్తులు, సొట్టలు పడ్డ గంగాళాలు, వాటి పక్కనే వరసగా మనుషులు! రాళ్లై నిలబడ్డ వాళ్ల మెడల్లో చీటీలు వేలాడుతున్నాయి: "విరుగుడు ఇమ్మని అడిగినవాడు", "తడిచేత్తో ఆకు ముట్టినవాడు", "కట్ట విప్పి కలగాపులగం చేసినవాడు", "ఖాళీ ఆకు ఇచ్చావని తిట్టినవాడు".

"ఏం కావాలే పిల్లా?" కరాళి గద్దించింది.

"మొదటి బిడ్డ కొయ్యగా మారిన ఏడు, నలభై ఏళ్ల కిందటి దుర్ముఖి నామ సంవత్సరం. ఆ ఏటి కట్ట ఇప్పించమ్మా."

కరాళి కట్ట తెచ్చి ముందు పెట్టింది. చెంగల్వ చేతులు తుడుచుకొని, వరస తప్పకుండా ఒక్కొక్క ఆకే తిప్పింది. చివరి ఆకు మీద ఒక్క అక్షరమూ కనబడలేదు. గంటం ఆకును గీరుతుందే గాని నలుపు పెట్టదని వ్రాయసగాడి బిడ్డకు ఒకరు చెప్పాలా? కరాళిని అడిగి, ప్రమిద మసిని పసరుతో కలిపి ఆకు మీద మెల్లగా రుద్దింది. గీతల్లోకి నలుపు దిగి అక్షరాలు తేలాయి.

"కోట పొయ్యిలో ఉండే కాష్ఠభూతానికి ఏటా పదిమంది బిడ్డలను కొయ్యలుగా ఇస్తాను. బదులుగా వాళ్ల ఆయుష్షు నాది. ఈ రాత చదవగా ప్రజలు విన్ననాడు ఒప్పందం చెల్లదు. చేవ్రాలు, ఉగ్రకేతు."

నోటిమాటగా చెబితే రాజు మీద నేరం ఎవరు నమ్ముతారు? "ఈ ఆకు ఇవ్వమ్మా, నా తమ్ముడు కాలిపోతాడు!" అని చెంగల్వ వేడుకుంది.

"కాలనీ! ఇక్కడి ఆకు గడప దాటదు. రాసుకోవడానికి వేరే ఆకూ ఇవ్వను. కావాలంటే నీ తోలుందిగా" అని కరాళి పళ్లికిలించింది.

చెంగల్వ ఎడమచెయ్యి చాపింది. మోచేతి నుంచి మణికట్టు దాకా, రాజు చేవ్రాలుతో సహా, ఉన్నదున్నట్టు గంటంతో చెక్కుకుంది. నెత్తురు తుడిచి మసి రుద్దుకుంది. కరాళి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

పదో నాటి మధ్యాహ్నానికి ఆమె కోట చేరేసరికి వంటశాల ముందు బొమ్మలు కుప్పపోసి ఉన్నాయి. తల్లులు గుండెలు బాదుకుంటున్నారు. "ఆపండి!" అని చెయ్యెత్తి అరిచిందో లేదో, అక్కడే ఉన్న రాజు ఆమె చేతి మీది రాత చూసి పాలిపోయాడు.

"దీని నోట్లో గుడ్డలు కుక్కండి! ఆ చెయ్యి నరకండి!"

తలారి భైరడు గొడ్డలి పట్టుకొని వచ్చాడు. శిక్షలు జనానికి చదివి వినిపించేదీ వాడే గనుక వాడికి అక్షరాలొచ్చు. వాడి ఒక్కగానొక్క కూతురూ ఆ కుప్పలోనే ఉంది. చెంగల్వ చేతిని మొద్దు మీద ఆనించి, రాతకేసి చూశాడు. గొడ్డలి పక్కన పడేసి, పెద్ద గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

"ఒరే, ఆపరా!" అంటున్న రాజుకు పళ్లు రాలాయి, వెన్ను వంగింది. భైరడు చేవ్రాలు దాకా వచ్చేసరికి రాజు నిలుచున్నచోట గుప్పెడు బూడిద మిగిలింది. కుప్పలోంచి పిల్లలు దగ్గుతూ లేచారు. ముకుందు కళ్లు నులుముకొని "అక్కా, ఆకలి" అన్నాడు.

ప్రజలు చెంగల్వనే రాణిని చేశారు. ఆమె చాలాకాలం చల్లగా ఏలింది. కాని అంతకుముందు పొయ్యిలోకి పోయిన బిడ్డలు ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్ల పేర్లన్నీ తల్లులను అడిగి, చెంగల్వ స్వయంగా ఆకుల మీద రాసి కరాళి ఇంట్లో పెట్టించింది.

ఏటా ఆ తల్లులు అడవి దాటి అక్కడికి పోతారు. చదువు రానివాళ్లకు కరాళే చదివి వినిపిస్తుంది. "ఇంకోసారి చదువమ్మా" అంటే, ఇంకోసారి చదువుతుంది.