పళ్ళ డాక్టరు ఇంట్లో గొంతు

పళ్ళ డాక్టరు ఇంటి ముందు నుంచి, చీకటి పడ్డాక ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

డాక్టరు పోయి మూడేళ్ళు. పిల్లల్లేరు. ఇంటికి తాళం, గేటుకి తుప్పు. లోపల ఆయన పళ్ళు పీకే కుర్చీ అలాగే ఉందట. ఆ కుర్చీలోంచి రాత్రిళ్ళు ఒక గొంతు వస్తుందని ఊరంతా అనుకునేవాళ్ళు.

మా అక్క చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. మా బావని అడిగితే వేరేగా చెబుతాడు. అందులో ఆయన అసలు భయపడడు.

ముందు విన్నది పాలాయన. సైకిలు మీద పోతున్నాడు... ఆ గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి, నూతిలోంచి వచ్చినట్టు —

"నోరు... తెరు...వు..."

పాల క్యాన్లు ఓ పక్క, సైకిలు ఓ పక్క, ఆయనో పక్క.

తర్వాత ట్యూషన్ టీచరమ్మ. ఆవిడ విన్నది ఇంకా ఘోరం. "లోపల... పుచ్చిపోయింది... పీకి... పారెయ్..." పాపం ఆవిడకి నిజంగానే ఒక దంతం పుచ్చి ఉంది. మర్నాడే బస్సెక్కి పోయి పీకించుకొచ్చింది. ఆ దెబ్బతో దెయ్యానికి డాక్టరు పట్టా కూడా వచ్చేసింది.

వీధి మొదట్లో ఇస్త్రీ పెద్దాయన ఉండేవాడు. ఎవరైనా అటు పోబోతే ఆయనే ఆపేవాడు. "డాక్టరు కోట్లు ఇరవై ఏళ్ళు ఉతికాను. ఆ గొంతు నాకు తెలీదా? ఆయనే. మెయిన్‌రోడ్డు మీదుగా పో నాయనా."

ఇక మా బావ. బళ్ళో లెక్కల మాష్టారు. వారానికోసారి మాత్రం రేడియోలో దేవుని వాక్యం చెబుతాడు. మందుల షాపు మేడమీద రెండు గదులే ఆ రేడియో స్టేషను. గొంతు మార్మోగకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించిన గదిలో కూర్చుని, ముందు మా అక్క ఒక పాట పాడితే, ఆ తర్వాత ఈయన పావుగంట మాట్లాడతాడు. ఏడాదిన్నర మాట్లాడాడు. వచ్చిన ఉత్తరాలు మూడు. ఒకటి మా అమ్మ రాసింది. ఒకటి "మీరు అయిపోయాక వేసే పాటలు బాగుంటున్నాయి" అని. మూడోది పక్కింటివాళ్ళది, పోస్టుమాన్ పొరపాటున ఇచ్చాడు.

ఆ సాయంత్రం రికార్డింగు అయిపోగానే ఊరంతా కరెంటు పోయింది. ఇద్దరూ మెట్లు తడుముకుంటూ దిగారు. కాస్త దూరం నడిచాక బావ అన్నాడట —

"ఇదే ఆఖరు. రేపు స్టేషనుకెళ్ళి మానేస్తున్నానని చెప్పేస్తాను."

"ఎవరో ఒకరు వింటూ ఉంటారండీ."

"ఎవరు? కోడిగుడ్ల అట్టలా?"

సరిగ్గా అప్పుడే మా అక్క చెప్పు తెగింది. పళ్ళ డాక్టరు సందు ఎదురుగా.

"చుట్టూ తిరిగి వెళదాం," అన్నాడు బావ.

"ఒంటి చెప్పుతో నేను తిరగను. ఇటే పోదాం. దెయ్యాలు లేవని మీరేగా చెబుతారు?"

"లేవు."

"మరి నా చెయ్యెందుకు పట్టుకున్నారు?"

"చీకట్లో నువ్వు పడతావని..."

సందులోకి దిగారు. కుక్క కూడా లేదు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు — టప్... ఉత్త... టప్... ఉత్త... మా అక్క నడక చప్పుడుకే మా బావకి చెమటలు పట్టాయట.

గేటు వచ్చింది.

ఏమీ లేదు.

"చూశావా," అన్నాడు బావ ధైర్యంగా, "అంతా మనుషుల భ్ర—"

"నొ...ప్పి... నాకు... తెలుసు..."

మా బావ ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఇప్పటికీ చెయ్యలేదు.

మూసిన కిటికీ వెనక నుంచి వస్తోంది గొంతు. మగ గొంతు. బరువుగా, సాగదీసి, ఒక్కో మాటా బురదలోంచి లాగినట్టు.

"ఎంత... కాలం... బయట... నిలబడతావ్... లోపలికి... రా..."

బావ కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. "దయగల తండ్రీ, ఈ రాత్రివేళ మమ్మల్ని నీ రెక్కల కింద దాచు—"

లోపల్నుంచి, నెమ్మదిగా —

"ద...యగల... తం...డ్రీ..."

బావ కళ్ళు తెరిచాడు.

"ఈ... రాత్రి...వేళ..."

"ఏమేవ్," అన్నాడు గొంతు లేకుండా, "అది కూడా ప్రార్థన చేస్తోందే!"

మా అక్క కదల్లేదు. తల పక్కకి వంచి వింటోంది. పాట నేర్చుకునేటప్పుడు అలా వింటుంది ఆవిడ. లోపలి గొంతు రెండు మాటలు చెప్పింది, ఆగింది, ఎద్దు రంకె వేసినట్టు ఒక దగ్గు దగ్గింది, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏమండీ."

"ఊఁ."

"మీరే."

"నేనేంటి? నేనిక్కడున్నా!"

"లోపలున్నదీ మీరే. 'దయగల తండ్రీ' తర్వాత దగ్గేది లోకంలో మీరొక్కరే."

ఆయన ఒద్దంటున్నా వినకుండా గేటు తోసింది. ముందు తలుపుకి తాళం ఉంది గానీ, పక్క తలుపు సందులోంచి సన్నగా వెలుతురు. చెప్పున్న కాలితోనే దాన్ని తన్నింది.

కుర్చీ ఉంది. కొవ్వొత్తి ఉంది. కుర్చీలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద పాత టేప్‌రికార్డరు పెట్టుకుని... ఇస్త్రీ పెద్దాయన.

విరబోసిన జుట్టుతో, ఒంటి చెప్పుతో గుమ్మంలో నిలబడ్డ మా అక్కని చూసి ఆయన పెట్టిన కేక ఉందే — ఆ ఇంట్లో అంతవరకు నిజంగా పుట్టిన భయంకరమైన గొంతు అదొక్కటేనట. లేవబోయి, నెత్తి మీదున్న డాక్టరు దీపానికి తల కొట్టుకుని, మళ్ళీ కుర్చీలోనే పడ్డాడు.

"అమ్మా తల్లీ, నన్నేం చెయ్యకు!"

"పెద్దాయనా, నేను. మాష్టారి భార్యని."

వెనకే మా బావ తొంగిచూశాడు. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. బ్యాటరీలు చచ్చిపోయి, మా బావ తేనెలాంటి గొంతు అనుకునే గొంతు, గంగిరెద్దు ఏడ్చినట్టు సాగుతోంది. నోరు తెరిచి దేవుణ్ణి స్తుతించమని, లోపల పుచ్చిపోయిన కక్షల్ని పీకి పారెయ్యమని... ఏడాదిన్నరగా ఆయన చెప్పిందే.

పెద్దాయన నొక్కి ఆపేశాడు. చాలాసేపు తల తడుముకున్నాడు.

"ముందే చెబుతున్నా మాష్టారూ, నేను మతంలో కలవడానికి కాదు."

"నేనేం అడగలేదుగా," అన్నాడు బావ.

"రేడియోలో మీరు చెప్పేది చప్పుడు రాకుండా టేపు చేసుకుంటాను. ఇంట్లో వింటే కోడలు నవ్వుతుంది. కొట్లో వింటే ఊరు నవ్వుతుంది. కోట్లు తెచ్చిపెట్టమని డాక్టరుగారిచ్చిన పక్క తలుపు తాళంచెవి నా దగ్గర ఉండిపోయింది. ఇక్కడైతే ఎవరూ రారు..." కాస్త ఆగి, "రాకుండా నేనే చూసుకున్నాననుకోండి," అన్నాడు.

మా అక్క నవ్వు ఆపుకుంది. బావకి నవ్వు రాలేదు. కుర్చీ పక్కన నేలమీద కూర్చుండిపోయాడు. ఒక మనిషి తన మాటల కోసం దెయ్యాన్ని పెంచి పోషించాడు! ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయని అక్క అంటుంది. కొవ్వొత్తి పొగ అని బావ అంటాడు.

"ఒకటి అడగనా మాష్టారూ?" పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఆమధ్య ఇద్దరన్నదమ్ముల కథ చెప్పారు. తొమ్మిదేళ్ళు మాటల్లేవు. పెద్దవాడు వెళ్ళి తలుపు తడతాడు. లోపల అడుగుల చప్పుడు... అక్కడికి టేపు అయిపోయింది. ఎన్నిసార్లు వేసినా అక్కడికే అయిపోతోంది. తమ్ముడు తలుపు తీశాడా, లేదా?"

బావ ఆలోచించాడు. ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు.

"నేనూ చెప్పలేదు పెద్దాయనా. టైమైపోయిందని స్టేషనువాళ్ళు అద్దం వెనక నుంచి చెయ్యి ఊపారు. చటుక్కున ముగింపు ప్రార్థనలోకి దూకేశాను. తీశాడో లేదో నాకూ తెలీదు."

పెద్దాయన మొహం వాడిపోయింది.

"మీ తమ్ముడుగారి ఇల్లెక్కడ?" అంది మా అక్క.

తమ్ముడున్నాడని ఆయన చెప్పనేలేదు. అయినా వేలు చూపించాడు. రెండు వీధులవతల.

"పదండి."

"ఇప్పుడా? నేను రాను."

"రాకపోతే ఇస్త్రీ పెద్దాయనే దెయ్యమని పాలాయనకి చెబుతాను."

లేచాడు. బయల్దేరే ముందు బావ, "ఒక్క ప్రార్థన చేస్తాను," అన్నాడు.

"చిన్నది చెయ్యండి," అన్నాడు పెద్దాయన. "మీవి ఎంతెంత ఉంటాయో నాకు తెలుసు."

బావ ఒకే ఒక్క వాక్యంతో ముగించాడట, పెళ్ళయినప్పటి నుంచి అంత చిన్న ప్రార్థన తను వినలేదంటుంది అక్క. దారిలో ఆవిడతో మెల్లగా, "రేపు స్టేషనులో ఏం చెప్పనులే," అన్నాడు. పెద్దాయన మాత్రం ముందు నడుస్తూ, తమ్ముడితో అనాల్సిన మాటలు గొణుక్కుంటూనే ఉన్నాడు. తప్పు నాదేరా... కాదు, తప్పు ఇద్దరిదీ... కాదు, తప్పు నాదే...

సగం దారిలో ఉండగా కరెంటు వచ్చింది. వీధిలో ఇళ్ళన్నీ వెలిగాయి.

తమ్ముడి గుమ్మం ముందు పెద్దాయన చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యెత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తి, తట్టాడు.

లోపల అడుగుల చప్పుడు.

తలుపు తెరుచుకుంది. తమ్ముడు... భుజమ్మీద తువ్వాలు, నెరిసిన జుట్టు, నెత్తిమీద ధగధగా వెలుగుతున్న వసారా బల్బు.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్లో పెద్దాయనకి ఒక్కటీ నోట్లోకి రాలేదు. చివరికి —

"మీకు... కరెంటొచ్చిందా?" అన్నాడు.

తమ్ముడు తలెత్తి బల్బు కేసి చూశాడు. తల దించి అన్న కేసి చూశాడు.

"రాలేదన్నయ్యా," అన్నాడు. "లోపలికొచ్చి చూడు."